ఉక్కు లోపలి చప్పుడు: కొనసముద్రం నుంచి నగరం దాకా గుంట తుప్పు కథ



మడికొండలో మేం అద్దెకుంటున్న బిల్డింగు మీద స్టీలు నీళ్ల ట్యాంకు ఒకటుంది. బయటికి అద్దంలెక్క మెరుస్తది. ఎక్కడా ఎర్ర మరక లేదు. పోయిన ఎండాకాలం దాని అడుగున సూదిమొనంత చిల్లు పడి, తెల్లారేసరికి నీళ్లన్నీ కారిపోయినయి. ప్లంబరన్న వచ్చి చిల్లు మీద వేలు పెట్టి చూపించిండు. "బోరు నీళ్ల ఉప్పు తమ్మీ, లోపల్నుంచి తిన్నది" అన్నడు. ఎం-సీల్ పెట్టి పోయిండు.

మాలో ఒకరు అడిగిన్రు: "తుప్పే లేని స్టీలుకు తుప్పు తినుడేంది? తినేటప్పుడు ముందే తెలుసుకునే దారి లేదా?" ఆ రెండు ప్రశ్నలు పట్టుకుని మేం కొన్ని నెలలు చదివినం. చదువుతుంటే అది మన తెలంగాణ ఉక్కు దగ్గర మొదలై, లండన్ పోయి, కోనసీమలో ఒక పల్లె కాలిపోయిన రోజు దాకా వచ్చింది. అందుకే దీన్ని సైన్సు పాఠంలా కాకుండా చరిత్రలా రాస్తున్నాం. పోస్టు పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి.

మన నేల ఉక్కు

ఇంగ్లీషు పుస్తకాల్లో "వూట్జ్" అని ఒక మాట కనపడుతుంది. మన "ఉక్కు" అనే మాటే వాళ్ల నోట్లో పడి అట్లా మారిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఆ ఉక్కు పుట్టిన చోట్లలో పేరున్నది ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కొనసముద్రం. పర్షియా వ్యాపారులు సముద్రం దాటి వచ్చి ఇక్కడి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవాళ్లు. అక్కడ వాటితో కత్తులు కొట్టేవాళ్లు. డమాస్కస్ కత్తి అని లోకమంతా చెప్పుకునే కత్తులకు దక్కన్ ఉక్కు ఒక ముఖ్యమైన ముడిసరుకు.

హెన్రీ వాయిసీ అనే డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త, లాంబ్టన్ నడిపిన పెద్ద సర్వే బృందంతో హైదరాబాద్ రాజ్యంలో తిరిగాడు. ఆయన 1824లో చనిపోయాడు. కొనసముద్రంలో ఉక్కు తీసే పద్ధతి గురించి ఆయన రాసిపెట్టినది 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కొలత ప్రకారం కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కొలిమిలో కాచేవాళ్లు. ఆ తర్వాత నెమ్మదిగా చల్లార్చి, మళ్లీ మళ్లీ కాచి పదును చూసేవాళ్లు. ఆ ఉక్కులో కార్బన్ 1.5 శాతం అటూఇటూ ఉండేది. అది ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన. థర్మామీటరు లేని రోజుల్లో మంట రంగు చూసి, మూసను కదిలించి ఆ కొలత పట్టిన చేతులవి.

ఆ చేతులు ఎవరివి? తెలంగాణలో రాయి కరిగించి ఇనుము తీసినవాళ్లను ముద్ద కమ్మరులు అన్నారు. మధ్య భారతంలో ఇదే పని అగారియాలు, అసురులు చేశారు. వెరియర్ ఎల్విన్ 1942లో అగారియాల మీద ఒక పుస్తకమే రాశాడు. ఇనుము ముద్ద ఒకటి తీయాలంటే దానికి ఎన్నో రెట్ల బరువు బొగ్గు కావాలి. బొగ్గు అడవి నుంచే రావాలి. అంటే అడవి తెలిసినోళ్లు లేకుండా ఉక్కు లేదు. కొన్న వ్యాపారులు ఏ దేశపోళ్లో పుస్తకాల్లో ఉంది, చూసి రాసిన దొరల పేర్లున్నాయి. కరిగించినోళ్ల పేర్లు మాత్రం మనకు దొరకవు. వాళ్లు వదిలిన చిట్టెం దిబ్బలు మాత్రం ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. 2010లో బెంగళూరు నియాస్ సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఆ దిబ్బల సర్వే చేశాయి.

తర్వాత ఏమైందో మనకు తెలిసిందే. ఓడల్లో సీమ ఇనుము చవగ్గా దిగింది. 1878 అడవి చట్టంతో బ్రిటిష్ ఇలాకాలో అడవి సర్కారుదైంది. నిజాం రాజ్యంలోనూ రిజర్వు అడవుల కట్టుబాట్లు వచ్చాయి. బొగ్గు కాల్చడం నేరమయ్యాక కొలిమి ఎట్లా మండుతది? అదే అడవి హక్కు కోసం కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు.

కమ్మరి కొడుకు ఫారడే

1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు వూట్జ్ ముక్కలను లండన్‌కు, రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి ఏడు జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం రాశాడు. "ఇండియా పల్లెటూరి కొలిమిలో ఇంత మంచి ఉక్కు ఎట్లా?" అనేది అక్కడి కత్తుల తయారీదారులకు పెద్ద ప్రశ్న అయింది.

ఆ ప్రశ్న పట్టుకున్నవాళ్లలో ఒకడు మైకేల్ ఫారడే. ఈయన గురించి మన పిల్లలకు తప్పక చెప్పాలి. తండ్రి కమ్మరి. ఇంట్లో పేదరికం. పద్నాలుగేళ్లకే పుస్తకాలు కుట్టే షాపులో పనికి చేరి, కుట్టే పుస్తకాలే చదువుకుని సైన్సు నేర్చుకున్నాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు. 1819లో ఆయన అచ్చేసిన చిన్న వ్యాసం పేరే "వూట్జ్, అంటే ఇండియా ఉక్కు, విశ్లేషణ". అందులో ఆయన లెక్క తప్పింది. ఆ ఉక్కు గొప్పతనం అల్యూమినియం వల్ల అనుకున్నాడు. అసలు సంగతి కార్బన్‌లో, నెమ్మదిగా చల్లార్చే పద్ధతిలో ఉంది. అయినా ఆయన ఆగలేదు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో నికెల్, క్రోమియం, వెండి, ప్లాటినం లాంటివి కలిపి చూశాడు. గట్టిదనంతో పాటు తేమలో తుప్పు ఎట్లా పడుతుందో కూడా గమనించారు. 1820లో, 1822లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ముక్కలు వందేళ్లకు పైగా ఒక చెక్కపెట్టెలో పడి ఉంటే, రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ వాటిని తీసి పరీక్షించి 1931లో పుస్తకం రాశాడు.

మన కథకు కావాల్సిన మలుపు ఆ తర్వాత వచ్చింది. 1833, 34 ప్రాంతంలో ఇదే ఫారడే కరెంటుకూ కరిగే లోహానికీ ఉన్న లెక్క తేల్చాడు. ఎంత కరెంటు ఎంతసేపు పారితే అంత లోహం కరుగుతుంది, కచ్చితంగా. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే 55.85 గ్రాముల ఇనుము కరగాలంటే 96,485 కూలంబులకు రెట్టింపు విద్యుత్తు పారాలి. ఎందుకు రెట్టింపు అంటే, ఒక్కో ఇనుప పరమాణువు నీళ్లలోకి పోతూ రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది.

దీని అర్థం చాలా పెద్దది. తుప్పు అంటే కరెంటు. ఇనుము కరిగినప్పుడల్లా ఎక్కడో సన్నటి కరెంటు పారుతుంది. ఆ కరెంటును కొలవగలిగితే తుప్పును కంటితో చూడక్కర్లేదు.

గుంట ఎట్లా పడుతది

మామూలు తుప్పు మనకు తెలుసు. నాగలి కర్రు వానలో వదిలేస్తే అంతటా ఎర్రగా అయితది. అది చెడ్డదే, కానీ మోసం చెయ్యదు. కనపడుతది, గీకి రంగేస్తం. గుంట తుప్పు అట్లా కాదు. పైనంతా బాగుంటది, ఒక్కచోట మాత్రం లోపలికి దిగుతది.

కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ 1920లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు పెట్టాడు. బొట్టు అంచున గాలి బాగా తగులుతుంది, నడుమ తగలదు. కొంతసేపటికి చూస్తే ఇనుము కరుగుతున్నది గాలి ఎక్కువున్న అంచున కాదు, గాలి అందని నడుమ. నడుమ కరిగిన ఇనుము వదిలిన ఎలక్ట్రాన్లు అంచుకు పారి, అక్కడ ఆక్సిజన్‌తో కలుస్తున్నాయి. ఒక బొట్టు కిందనే రెండు ధ్రువాలున్న బ్యాటరీ తయారైంది.

స్టెయిన్‌లెస్ స్టీలు 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతిలో పేరు తెచ్చుకుంది. అందులో పదిన్నర శాతానికి తగ్గకుండా క్రోమియం ఉంటుంది. గాలి తగలగానే దాని మీద కొన్ని నానోమీటర్ల మందం పొర ఒకటి ఏర్పడుతుంది. గీరుకుపోయినా మళ్లీ తనంతట తనే కట్టుకుంటుంది. స్టీలు మెరుపు ఆ పొర కాపాడుతున్నదే. దానికి శత్రువు ఉప్పులో ఉండే క్లోరైడ్. ఉక్కు తయారయ్యేటప్పుడు లోపల చిక్కుకుపోయిన మాంగనీస్ సల్ఫైడ్ రేణువులాంటి బలహీనమైన చోటు దొరికితే క్లోరైడ్ అక్కడ పొరను చీలుస్తుంది.

ఒకసారి గుంట మొదలైతే అది తన బలం తనే పెంచుకుంటుంది. లోపల కరిగిన లోహం నీటితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. కరిగిన లోహపు ధనావేశం బయటి క్లోరైడ్‌ను ఇంకా లోపలికి లాగుతుంది. ఆమ్లం, క్లోరైడ్ రెండూ ఎక్కువైతే పొర మళ్లీ కట్టుకోలేదు. పై భాగమంతా ఎలక్ట్రాన్లు తీసుకునే పెద్ద మైదానం, గుంట మాత్రం వాటినన్నిటినీ ఇచ్చే చిన్న నోరు.

ఈ చిన్న నోరు ఎంత ప్రమాదమో ఫారడే లెక్కతో మేమే వేసి చూసినం. ఒక చదరపు సెంటీమీటరు ఇనుము మీద ఒక మైక్రోఆంప్ కరెంటు సమానంగా పారితే ఏడాదికి పోయేది 0.0116 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు అరగడానికి ఎనభై ఏళ్లకు పైనే పడుతుంది. అదే ఒక మైక్రోఆంప్ అంతా అందులో వెయ్యో వంతు జాగాలో పడితే? ఏడాదికి 11.6 మిల్లీమీటర్ల లోతు. అంటే ఆరు మిల్లీమీటర్ల గోడకు దాదాపు ఆరు నెలల్లో చిల్లు. కరెంటు అదే, పోయిన ఇనుము బరువూ అదే. ఒకచోట గీత కూడా పడదు, ఇంకోచోట చిల్లు పడుతుంది. అందుకే ఉక్కు ముక్కను తూకం వేసి "ఇంతే పోయింది, భయం లేదు" అనేవాళ్లు గుంట దగ్గర మోసపోతారు.

ఇక్కడ ఇంకో ముచ్చట. డమాస్కస్ కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు కనపడతాయి కదా, అవి దిద్దిన బొమ్మలు కావు. ఉక్కును ఒక రకం ఖనిజ ద్రావణంతో తడిపితే లోపలి భాగాల్లో కొన్ని తొందరగా, కొన్ని ఆలస్యంగా కరుగుతాయి. ఆ తేడాయే అలలుగా కనపడుతుంది. ఉక్కు అంతటా ఒక్కతీరుగా కరగదనే సంగతి ఆ పనివాళ్లకు చేతితో తెలుసు. వాళ్లు దాన్ని అందానికి వాడుకున్నారు. పైపుల్లో అదే గుణం ప్రాణం తీస్తుంది.

నగరం అనే పల్లె

కోనసీమలో మామిడికుదురు మండలంలో నగరం అని ఒక ఊరుంది. పేరు నగరం, కానీ కొబ్బరి తోటల మధ్య పల్లె. ఊరి పక్కనుంచి తాటిపాక నుంచి వెళ్లే గెయిల్ గ్యాస్ పైపులైను పోతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఆ పైపు నుంచి గ్యాస్ లీకై ఊరి మీద పరుచుకుంది. నిప్పంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు, అప్పుడే లేచి పొయ్యి దగ్గరికి పోతున్నవాళ్లు, పిల్లలు, మొత్తం ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇండ్లు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి.

తర్వాత జరిగిన విచారణలో బయటపడ్డది ఇది: ఆ పైపు తడి లేని గ్యాస్ కోసం. దాంట్లో పోయింది మాత్రం నీళ్లు కలిసిన గ్యాస్. తడి తీసేసే ఏర్పాటు లేదు. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉండి నీళ్లు తోడైతే అది కార్బానిక్ ఆమ్లం అవుతుంది. పైపులో ఎత్తుపల్లాలు ఉన్న చోట నీళ్లు అడుగున నిలుస్తాయి. నిలిచిన చోట పైపు లోపల్నుంచి తింటుంది. బయట మట్టి కింద ఉన్న పైపును ఎవరు చూస్తారు?

ఇది మన దగ్గరే జరిగేదేమీ కాదు. 2000 ఆగస్టు 19న అమెరికాలో న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ దగ్గర గ్యాస్ పైపు పగిలి, నది ఒడ్డున గుడారాలు వేసుకున్న కుటుంబాలవాళ్లు 12 మంది చనిపోయారు. అక్కడా కారణం పైపు లోపలి అడుగున, నీళ్లు నిలిచిన చోట, ఒకదానికొకటి కలిసిపోయిన గుంటలే. డబ్బున్న దేశమైనా, బీద పల్లె అయినా, గుంట లెక్క ఒక్కటే.

ఈ రెండు సంఘటనలు చదివినప్పుడు మాకు ట్యాంకు నవ్వులాట పోయింది. ముందే తెలుసుకునే దారి లేదా అన్న మా రెండో ప్రశ్న అప్పుడు అసలు ప్రశ్న అయింది.

చెవి పెట్టి వినడం మొదలైంది

గుంటను కనిపెట్టడానికి మొదట్లో వాళ్లు ఉక్కును రెచ్చగొట్టి చూసేవాళ్లు. 1942లో ఆర్చీ హిక్లింగ్ అనే ఆయన ఎలక్ట్రోడ్ వోల్టేజీని తనంతట తనే స్థిరంగా పట్టి ఉంచే పరికరం తయారుచేశాడు. దాన్నే పొటెన్షియోస్టాట్ అంటారు. ఉప్పునీళ్లలో ఉక్కు ముక్క పెట్టి వోల్టేజీని మెల్లగా పెంచుతూ పోతే, ఒకచోట కరెంటు ఒక్కసారి ఎగబాకుతుంది. అదే గుంటలు పడే వోల్టేజీ. మళ్లీ తగ్గిస్తూ వస్తే ఒకచోట గుంటలు మూసుకుంటాయి. ఏ ఉక్కు ఏ నీళ్లకు ఆగుతుందో చెప్పడానికి ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఇది ల్యాబు పరీక్ష. ముక్కను పాడుచేస్తుంది. నడుస్తున్న పైపులో ఈ రోజు ఏం జరుగుతుందో చెప్పదు.

1968లో అమెరికాలో వారెన్ ఐవర్సన్ ఇంకో దారి పట్టాడు. తుప్పు పడుతున్న లోహానికి బయటి నుంచి ఏమీ పెట్టకుండా, దాని వోల్టేజీని మాత్రం గమనిస్తూ కూర్చున్నాడు. అది నిలకడగా లేదు. చిన్న చిన్నగా ఎగిరిపడుతున్నది. అప్పటిదాకా అందరూ ఆ ఎగుడుదిగుళ్లను పనికిరాని చికాకు అనుకున్నారు. ఐవర్సన్ చూపించింది, ఆ చికాకే కబురు అని. తర్వాత దీనికి ఎలక్ట్రోకెమికల్ నాయిస్ అని పేరు స్థిరపడింది. నాయిస్ అంటే చెవికి వినపడే చప్పుడు కాదు, వోల్టేజీలో, కరెంటులో కదలిక.

కొలిచే ఏర్పాటు చూస్తే సులువే. పైపు ఏ ఉక్కుతో చేశారో అదే ఉక్కు ముక్కలు రెండు తీసుకుంటారు. వాటిని ఆ నీళ్లలోనే పెట్టి, అడ్డు నిరోధం లేని ఆమ్మీటరుతో కలుపుతారు. ఒకదాని నుంచి ఇంకోదానికి పారే కరెంటు అక్కడ తెలుస్తుంది. మూడోది వోల్టేజీ పోల్చుకునే ఎలక్ట్రోడ్. సెకనుకు ఒకటి రెండు సార్లు కొలతలు రాసుకుంటూ గంటలు, రోజులు గడుపుతారు. కరెంటు నానోఆంపుల నుంచి మైక్రోఆంపుల దాకా, వోల్టేజీ మిల్లీవోల్టుల్లోనో అంతకన్నా తక్కువలోనో కదులుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలులో గుంట పుట్టినప్పుడు గీత ఒక ఆకారం తీసుకుంటుంది. కరెంటు మెల్లగా పెరిగి, చటుక్కున పడిపోతుంది. ఎందుకంటే పుట్టిన గుంట మీద చిల్లులున్న సన్నటి మూత ఉంటుంది. దాని కింద ఆమ్లం కూడి గుంట పెరుగుతుంది. మూత పగిలిందా, లోపలి రసం బయటి నీళ్లలో పలచబడి గుంట చచ్చిపోతుంది. ఇట్లాంటి పుట్టి చచ్చే గుంటలు వందలు. వాటిలో మూత పగిలినా తట్టుకునేంత లోతు చేరిన ఏ ఒక్కటో బతుకుతుంది. అదే చిల్లు పెడుతుంది. 1985లో విలియమ్స్, వెస్ట్‌కాట్, ఫ్లైష్‌మన్ ఈ పుట్టుక చావులకు సంభావ్యత లెక్క కట్టారు. 1992లో పిస్టోరియస్, బర్‌స్టైన్ ఏ గుంట చస్తుందో ఏది బతుకుతుందో తేల్చే షరతు వివరించారు.

ఇక్కడ ఫారడే మళ్లీ వస్తాడు. ఒక గుంట గీతలో కరెంటు 0.2 మైక్రోఆంపుల దాకా పెరిగి, పది సెకన్లలో ముగిసిందనుకోండి. త్రిభుజం వైశాల్యం లెక్కన ఒక మైక్రోకూలంబు. అంటే 0.29 నానోగ్రాముల ఇనుము కరిగింది. సగం గోళం ఆకారంలో గుంట పడితే దాని లోతు 2.6 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇది చాలా చిన్న వంతు. ఏ కన్నూ చూడలేని గుంట లోతును ఒక గీత నుంచి పదో తరగతి లెక్కతో చెప్పొచ్చు. కమ్మరి కొడుకు నియమం ఇన్నేళ్ల తర్వాత గుంటను పట్టిస్తున్నది.

గీతను చదవడం, దాని హద్దులు

గీతలు లక్షల్లో వస్తే కూర్చుని చూడలేరు. అందుకే సిగ్నల్ విశ్లేషణ వచ్చింది. మొదటి పద్ధతి సగటు, సగటు నుంచి ఎంత చెదిరింది అని చూడటం. 1980లలో వోల్టేజీ చెదురును కరెంటు చెదురుతో భాగించి "నాయిస్ రెసిస్టెన్స్" అన్నారు. అది తగ్గితే తుప్పు వేగం పెరిగినట్టు. రెండోది ఫోరియర్ దారి. 1822లో ఫోరియర్ ఏ వంకర గీతనైనా సాదా అలలుగా విడగొట్టొచ్చని రాశాడు. 1965లో కూలీ, ట్యూకీ దాన్ని కంప్యూటర్‌లో తొందరగా చేసే పద్ధతి ఇచ్చారు. నెమ్మది అలల్లో ఎంత బలం, తొందర అలల్లో ఎంత బలం అని చూస్తే తుప్పు రకం గురించి కొంత ఆచూకీ దొరుకుతుంది. మూడోది వేవ్‌లెట్. అది ఏ అల ఉందో చెప్పడమే కాక, ఎప్పుడు వచ్చిందో కూడా చెబుతుంది. గుంట పుట్టిన క్షణం తెలియాలంటే అదే కావాలి. ఇప్పుడు ఈ గీతలను కంప్యూటర్‌కు నేర్పించి రకాలుగా వేరు చేయించే పని కూడా జరుగుతున్నది.

అయితే దీన్ని మంత్రంలెక్క నమ్మొద్దు. గీతలో కనపడ్డ ప్రతి ఎగుడూ గుంట కాదు. పక్కన మోటరు నడిచినా, కరెంటు తీగ ఉన్నా అదీ పడుతుంది. పైపులు చేసే మామూలు ఉక్కులో అంతటా తుప్పు పడుతూ ఉంటే, ఆ గోలలో ఒక్క గుంట గొంతు కలిసిపోతుంది. ఒక్క అంకె చూసి గుంట తుప్పు అని తేల్చేసే సూచికలు తప్పు చెప్పిన సందర్భాలున్నాయి. ఇంకా ముఖ్యమైనది, పరికరం పెట్టిన చోటే వింటుంది. నీళ్లు నిలిచే పల్లంలో పెట్టకుండా ఎత్తులో పెడితే అది హాయిగా నిశ్శబ్దంగా ఉంటుంది, పైపు కింద చిల్లు పడుతుంది. అందుకే దీనితోపాటు అల్ట్రాసౌండ్‌తో గోడ మందం చూడటం, పైపు లోపల అయస్కాంతంతో పరికరం పరిగెత్తించడం కూడా కావాలి.

ఈ పద్ధతిని నిజంగా పెట్టిన చోట్లలో ఒకటి అమెరికాలోని హాన్‌ఫర్డ్. అణుబాంబుకు ప్లుటోనియం చేయడానికి 1943లో అక్కడి భూమి తీసుకున్నారు. కొలంబియా నది ఒడ్డున చేపలు పట్టుకుని బతికే వానాపం ఆదివాసులను ఆ జాగా నుంచి పంపించేశారు. యాకమా ప్రజలకు 1855 ఒప్పందంలో అక్కడ వేటకు, చేపలకు హక్కులున్నాయి. ఇప్పుడు అక్కడ భూమిలో 177 ట్యాంకులు, వాటిలో దాదాపు 5.6 కోట్ల గ్యాలన్ల అణు వ్యర్థం ఉంది. ట్యాంకులు ఉక్కువి. 1990లలో కొన్ని ట్యాంకుల్లోకి ఎలక్ట్రోకెమికల్ నాయిస్ పరికరాలు దింపి విన్నారు. అయినా 2012లో రెండు గోడలున్న ఒక ట్యాంకు లోపలి గోడ లీకైందని తేలింది. వినే పరికరం ఉండటం వేరు, అన్నిచోట్లా వినడం వేరు. ఉక్కు చెడితే మొదట నష్టపోయేది ఆ నది మీద బతికేవాళ్లే. ఆ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మనకు దీంతో ఏం పని

మడికొండ నుంచి కాజీపేట దాటితే ఎన్‌ఐటీ ఉంది. 1959లో మొదటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైంది. అక్కడ మెటలర్జీ విభాగం ఉంది. కౌన్సెలింగ్‌లో మనోళ్లు చాలామంది కంప్యూటర్స్ రాకపోతేనే ఆ బ్రాంచి వైపు చూస్తారు, బాధపడుతూ చేరుతారు. మేం చెప్పేది ఒకటే. అది మిగిలిపోయిన సీటు కాదు, మన తాతల కొలిమి చదువు. పైన చెప్పిన సిగ్నల్ పని చూడండి: కొంత రసాయనం, కొంత కరెంటు, కొంత కోడింగు. కంప్యూటర్స్ చదివినోళ్లు కూడా ఇటు రావొచ్చు. తమిళనాడులో కారైకుడిలో ఎలక్ట్రోకెమిస్ట్రీకే ఒక జాతీయ పరిశోధన సంస్థ ఉంది. కల్పక్కం అణు కేంద్రంలో స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఇదే నాయిస్ పద్ధతితో పనిచేశారు. ఐటీఐ చదివిన తమ్ముళ్లకు కూడా పైపుల మందం కొలిచే పని, తుప్పు తనిఖీ పని ఉన్నాయి.

ఇంకో సంగతి. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ వీలవుతుందా చూడాలని రాశారు. బయ్యారం ఇనుప రాయి ఉన్న నేల మనది. ఫ్యాక్టరీ రావాలా వద్దా, వస్తే ఎవరి లాభానికి అనే చర్చ మనలో ఉంది, ఉండాలి. కానీ ఏది వచ్చినా రాకపోయినా పైపులు, ట్యాంకులు మన ఊర్ల మీదుగానే పోతాయి. మన ఊరి పక్కన పైపు పడుతుందంటే గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలు మేం రాసుకున్నం. మీరూ రాసుకోండి:

ఆ పైపులో ఏం పోతది? తడి ఉంటదా, లేదా? తడి తీసే ఏర్పాటు మొదలుపెట్టే రోజుకే ఉందా, "తర్వాత పెడతం" అంటున్నరా? నీళ్లు నిలిచే పల్లాలు ఎక్కడెక్కడ? అక్కడ తుప్పు కొలిచే పరికరం ఉందా? ఆ కొలత ఎవరు చదువుతరు, ఎన్ని రోజులకొకసారి? చదివింది ఊరికి చెప్తరా?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజనీరు కానక్కర్లేదు. నగరంలో ఎవరైనా అడిగి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. కానీ ఉక్కు చిల్లు పడేముందు ఆనవాలు ఇస్తుందని తెలిసినంక అడగకుండా ఉండటం మాత్రం మన తప్పే అయితది.

చివరగా ఒక పని. మీ ఊర్ల చుట్టుపక్కల నల్లటి, బరువైన, గాజులెక్క మెరిసే చిట్టెం రాళ్ల దిబ్బ ఏదైనా ఉంటే, దాన్ని తవ్వి పారేయనీయకుండా చూడండి. తాతలను, అమ్మమ్మలను అడగండి: అక్కడ ఎవరు కొలిమి పెట్టేవాళ్లు, బొగ్గు ఏ చెట్టుది, రాయి ఏ వాగు నుంచి తెచ్చేవాళ్లు, మూసకు ఏ మట్టి వాడేవాళ్లు, ఎప్పుడు ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, కోయలో చెబితే కోయలో, గోండిలో చెబితే గోండిలో, మన లిపిలో రాసి ఉంచండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు తప్పకుండా రాయండి. కొనసముద్రంలో కరిగించినోళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఈసారైనా మనం రాద్దాం.

మడికొండ నుంచి, మేం.